ఆమ్లము, భస్మము, లవణము

లవణమనగానే మన మనస్సునకు ముందుగా తోచునది వంటింటి ఉప్పు. రసాయనశాస్త్రమున ఈ పదమునకు అర్థము మిక్కిలి విశాలమైనది. తోటలలో చల్లు మైలుతుత్తము లవణమే. బురదనీటిని తేర్చు పటిక లవణమే. పిండిని పొంగించు వంటసోడా లవణమే. శిల్పి చెక్కు చలువరాయి సైతము లవణమే. అయితే అంగడిలో నిమ్మ ఉప్పు అను పేరున అమ్మునది మాత్రము లవణము కాదు. అది నిమ్మకాయ పులుపునకు మూలమైన సిట్రికామ్లము. కావున లవణమును పేరును బట్టి కాక పుట్టుకను బట్టి గుర్తింపవలెను. ఆ పుట్టుకను గూర్చి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును నాలుగు మాటలు చెప్పవలెనని మా కోరిక.

హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమములో విజ్ఞానశాస్త్రము బోధించుచు మేము ఇరువది యేండ్లకు పైగా గడపితిమి. ఇన్ని పాఠములలోను మాకు ప్రియమైనది లవణములను తయారుచేయు పాఠము. నల్లని పొడియు, రంగులేని ద్రవమును కలిసి నీలి స్ఫటికములగుట చూచిన బాలబాలికల ముఖములు ఎన్నియేండ్లు చూచినను విసుగు పుట్టింపవు. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. "తెలుగులో సైన్సు చదివిన పిల్లలు రేపు ఏమగుదురు?" అని తల్లిదండ్రులు మమ్ములను అడుగుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మాకు దొరికిన సమాధానము ఈ పాఠములోనే దొరకినది.

ముందు సూత్రమును చెప్పుకొందము. ఆమ్లము ఒక లోహపు ఆక్సైడుతోగాని, హైడ్రాక్సైడుతోగాని కలిసినపుడు లవణమును, నీరును ఏర్పడును. కార్బొనేటుతో కలిసినచో వీనికి తోడు బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వెలువడును. ఆమ్లములో ఉదజని ఉన్న చోటును లోహము ఆక్రమించుటయే లవణము పుట్టుక. సల్ఫ్యూరికామ్లమునుండి సల్ఫేటులును, హైడ్రోక్లోరికామ్లమునుండి క్లోరైడులును, నత్రికామ్లమునుండి నైట్రేటులును పుట్టును. ఇట్లు ప్రతి లవణము పేరులోను ఒక సగము లోహమునుండియు, రెండవ సగము ఆమ్లమునుండియు వచ్చును. ఆమ్లముతో కలిసి లవణమునిచ్చు పదార్థమునకు 1754లో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త రూయెల్ 'బేస్' అని పేరు పెట్టెను. లవణమునకు అది ఆధారమని ఆయన భావము. మన పుస్తకములలో దానినే క్షారమనుచున్నాము.

ఇచట విద్యార్థులు తప్పక వేయు ప్రశ్న ఒకటి కలదు. "రాగి లవణము కావలెనన్న రాగి తీగనే ఆమ్లములో వేయరాదా?" వేయవచ్చును, కాని విలీన సల్ఫ్యూరికామ్లములో రాగి తీగ రోజంతయు ఉన్నను చెప్పదగిన మార్పేమియు కానరాదు. ఆమ్లమునుండి ఉదజనిని తొలగింపగల చురుకుదనము రాగికి లేదు. తుత్తునాగమునకు, అనగా జింకునకు, ఆ శక్తి కలదు. అది వెంటనే బుడగలు పుట్టించుచు కరగును. సోడియమునకు ఆ శక్తి మితిమీరి యుండుటచేత దానిని ఆమ్లములో వేయుట ప్రాణాపాయము. గాఢమైన ఆమ్లమును మరగించి రాగిని కరగింపవచ్చును గాని, అపుడు ఊపిరి సలుపనీయని గంధక వాయువు వెలువడును. ఆమ్లములో సగము వ్యర్థమగును. మందమైన లోహముతో పని జరుగదు, అతి చురుకైన లోహముతో పని ప్రమాదము. ఈ రెండు చిక్కులకును పరిష్కారము ఒక్కటే: లోహమునకు బదులు లోహపు సమ్మేళనమును తీసికొనవలెను.

రాగిరేకును నిప్పుపై బాగుగా కాల్చిన పైన ఒక నల్లని పొర కట్టును. అదియే రాగి ఆక్సైడు. మన పూర్వులు లోహములను కాల్చి చేసిన భస్మములలో పెక్కు ఇట్టి ఆక్సైడులే. రాగి కరగని విలీనామ్లములోనే రాగి భస్మము సులభముగా కరగును. మా పదవ తరగతి విద్యార్థులు చేయు ప్రయోగమిది.

లీటరునకు 98 గ్రాముల సల్ఫ్యూరికామ్లము గల విలీన ద్రావణమును 50 మిల్లీలీటర్లు బీకరులో తీసికొందురు. ఈ విలీనామ్లమును ఉపాధ్యాయుడే ముందుగా సిద్ధపరచి యుంచవలెను. ఆమ్లమును నీటిలో కొద్దికొద్దిగా పోయవలెనే గాని, నీటిని ఆమ్లములో ఎన్నడును పోయరాదు. పోసినచో పుట్టు వేడికి ఆమ్లము ముఖముపైకి చిందును. కండ్లకు అద్దములు ధరించి, బీకరును సన్నని మంటపై వెచ్చబెట్టి, రాగి ఆక్సైడును చిటికెడు చిటికెడుగా వేయుచు గాజుకడ్డీతో కలుపుదురు. నల్లని పొడి మాయమగుచు ద్రావణము నీలమగును. ఉన్న ఆమ్లమునకు ఇంచుమించు 4 గ్రాముల పొడి చాలును. కాని మేము 5 గ్రాములు తూచి ఇత్తుము. చివరి గ్రాము కరగక అడుగున నిలుచును. అది వృథా కాదు. ఆమ్లము పూర్తిగా ఖర్చైనదని చెప్పు సాక్షి అదియే. మిగిలిన ఆమ్లమును లవణమునుండి వేరుచేయుట కష్టము. మిగిలిన పొడినైతే వడపోత కాగితమే వేరుచేయును.

వడబోసిన నీలి ద్రావణమును పింగాణి పాత్రలో సగమునకు తక్కువగునంతవరకు ఇగిర్చి, పైన మూతగా కాగితము కప్పి కదలింపక ఉంచవలెను. మరునాటికి అడుగున పలకలు దేరిన నీలి స్ఫటికములు కనబడును. తొందరపడి పూర్తిగా ఇగిర్చినవారికి తెల్లని పొడి మిగులును. ఏలనన, మైలుతుత్తము 100 గ్రాములలో 36 గ్రాములు నీరే. ఆ నీరు స్ఫటికములో భాగము; అది పోయిన రూపమును, రంగును రెండును పోవును. తెల్లని పొడిపై ఒక్క నీటిబొట్టు పడిన వెంటనే నీలిమ తిరిగి వచ్చును.

అన్ని లవణములకును ఈ ఒక్క పద్ధతియే సరిపడదు. సోడియము హైడ్రాక్సైడు నీటిలో కరగును గనుక, ఎక్కువగా వేసి మిగిలినదానిని వడబోయుదమన్న సాధ్యము కాదు. అచట బ్యూరెట్టుతో బొట్టు బొట్టుగా ఆమ్లమును వదలుచు, సూచిక రంగు మారు క్షణమును పట్టుకొనవలెను. పిదప సూచిక లేకుండ అదే కొలతతో మరల చేసినచో స్వచ్ఛమైన లవణము లభించును. చలువరాతిపై సల్ఫ్యూరికామ్లమును పోసినచో మొదట బుడగలు వచ్చి, కొంతసేపటికి ఆగిపోవును. పుట్టిన కాల్షియము సల్ఫేటు సరిగా కరగక, రాతికే పొరగా అంటుకొని, ఆమ్లమును లోనికి పోనీయదు. హైడ్రోక్లోరికామ్లమును పోసినచో ఈ ఆటంకము లేదు. కావున ఏ ఆమ్లమును ఏ సమ్మేళనముతో కలుపవలెనో ముందుగా ఆలోచించుటయే ఈ విద్యలోని నేర్పు.

విద్యార్థులారా! ఈ నేర్పు ప్రయోగశాలలోనే ఉన్నదని తలపకుడు. మీ యింట అవ్వ రాగిచెంబును చింతపండుతో తోముట చూచియే యుందురు. చెంబుపై పట్టిన నల్లని మకిలి రాగి ఆక్సైడు; పచ్చని కిలుము రాగి కార్బొనేటు జాతిది. చింతపండులో టార్టారికామ్లము కలదు. ఆమ్లము ఈ రెండు సమ్మేళనములను కరగించి లవణముగా మార్చును. కడిగిన నీటితో అది పోవును. లోపలి రాగిని మాత్రము అది అంత సులభముగా తాకజాలదు. అందుచేతనే ఎన్ని తరములు తోమినను చెంబు చెంబుగానే నిలిచి, మకిలి మాత్రమే పోవుచున్నది. రాగి తీగ కరగక రాగి భస్మము కరగుటకు కారణమేదో, చెంబు మెరయుటకును కారణమదియే.

ఆ అవ్వయే ఇత్తడి గిన్నెలో పులుసు కాచవలసివచ్చిన కళాయి ఉన్నదా లేదాయని చూచును. పులుపు ఇత్తడిపై నిలిచినచో గాలి సాయముతో రాగి లవణములు కొద్దికొద్దిగా పుట్టి ఆహారమున చేరును. అవి విషము. తగరపు పూత ఆ సంపర్కమును తప్పించును. ఈ జాగ్రత్త ఏ పుస్తకమును చదివి నేర్చినది కాదు. కాని దాని వెనుకనున్న కారణము మన పదవ తరగతి పుస్తకమున కలదు.

పొలమునకు పోయినను ఇదే లవణము ఎదురగును. ఫ్రాన్సులోని బోర్డో నగరమున వృక్షశాస్త్రాచార్యుడగు మిలార్డే, ద్రాక్షతీగల బూజు తెగులునకు మైలుతుత్తమును సున్నమును కలిపిన మందును 1885లో ప్రకటించెను. దారి ప్రక్క తీగలపై పండ్లు దొంగిలింపబడకుండ చల్లిన ఇట్టి మిశ్రమము, ఆ తీగలను తెగులునుండియు కాపాడుట ఆయన గమనించెను. నేటికిని ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము, నూరు లీటర్ల నీరు అను లెక్కతో బోర్డో మిశ్రమమును మన రైతులు కలుపుచున్నారు. దానిని ఇనుప పాత్రలో కలుపరాదు. కలిపిన పిదప మెరుగుపెట్టిన ఇనుప కత్తిని ముంచి చూతురు. కత్తిపై ఎర్రని రాగిపూత కనబడినచో సున్నము చాలలేదని అర్థము. రాగికంటె ఇనుము చురుకైనది గనుక, అది లవణములోనికి తాను పోయి రాగిని బయటికి నెట్టును.

ఇక మా అనుభవము ఒకటి చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట ఒక తండ్రి మా పాఠశాలకు వచ్చెను. ఇనుప సామానులకు పూతవేయు చిన్న కర్మాగారమున ఆయన పనివాడు. కూతురు తొమ్మిదవ తరగతి ముగించినది. "అయ్యవారూ, బిడ్డకు టి.సి. ఇప్పియ్యండి. ఇంగ్లీషు ఇస్కూల్లో చేర్పిస్తాను. తెలుగులో చదివితే రేపు కాలేజీలో నిలబడలేదంటున్నారు" అని ఆయన చెప్పెను. ఆయన మాటలలో కోపము లేదు, భయము కలదు. మేము వాదింపలేదు. కాగితములు సిద్ధమగు లోపల ప్రయోగశాలకు రమ్మని పిలిచితిమి. అచట పదవ తరగతివారు హైడ్రోక్లోరికామ్లములో త్రుప్పు పట్టిన మేకులను ముంచుచుండిరి. ఆ బాలికయు వారి ప్రక్కనే నిలిచి చూచుచుండెను.

తండ్రి చూచి నవ్వెను. "ఇది మేము రోజూ చేసే పనే కదా! పూత వేసే ముందు సరుకును ఆసిడ్ తొట్టిలో ముంచుతాము. ఎక్కువసేపు ఉంచితే సరుకునే తినేస్తుంది." ఎంతసేపు ఉంచవలెనో ఎట్లు తెలియునని మేము అడిగితిమి. "బుడగలు జోరుగా వస్తే తీసెయ్యాలి. అంతే తెలుసు. ఎందుకో తెలీదు" అనెను.

అపుడా బాలిక తండ్రివైపు తిరిగి ఇట్లు చెప్పెను: "నాయనా, త్రుప్పు అంటే ఇనుము ఆక్సైడు. ఆసిడ్ ముందు దాన్ని కరిగిస్తుంది. అప్పుడు లవణమూ నీళ్లూ వస్తాయి, బుడగలు రావు. త్రుప్పు అయిపోయినాక ఇనుమును పట్టుకుంటుంది. అప్పుడు ఉదజని బుడగలు వస్తాయి. రాగి అయితే ఈ భయం లేదు. ఇనుము చురుకైనది కాబట్టి తీసెయ్యాలి."

ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప తొట్టిలోని నీరు నానాటికి పచ్చబడుటకును, పసుపెక్కుటకును కారణమేమని కూతురినే అడిగెను. ఆమె ఇనుము క్లోరైడులను గూర్చి తెలిసినంత చెప్పెను. పదునైదేండ్లు తొట్టియొద్ద నిలిచిన తండ్రి చేతి తెలివియు, ఆ యేడు పుస్తకము చదివిన బిడ్డ తెలివియు ఒకే భాషలో ఉండుటచేత, మధ్యవర్తి లేకుండ ఆ రెండును కలిసినవి. ఆ పాఠము ఆ యింట ఎవరికిని తెలియని భాషలో నేర్చినదే యైనచో, ఆ బాలిక పరీక్షలో వ్రాసియుండును గాని, తండ్రికి చెప్పగలిగి యుండునా యని మాకు సందేహము.

ఆయన ఆ దినమున టి.సి. తీసికొనలేదు. ఆమె పదవ తరగతి ఇచటనే ముగించి, పిదప ఆంగ్ల మాధ్యమమున పదునొకండవ తరగతిలో చేరినది. మొదటి మూడు నెలలు కష్టపడినదని ఆమెయే మాతో చెప్పినది. దానిని దాచుట ధర్మము కాదు. భాష మారునపుడు శ్రమ తప్పదు. కాని లవణ విశ్లేషణ ప్రయోగములు వచ్చినపుడు, "పేర్లే కొత్త అయ్యవారూ, పని పాతదే" అని ఆమె చెప్పిన మాట మేము మరువలేదు.

పేర్లనుగూర్చియు ఒక మాట. తెలుగు చదివినచో ఇరుగుపొరుగువారికి దూరమగుదుమని కొందరి భయము. తమిళమున 'మయిల్' అనగా నెమలి. మైలుతుత్తము నెమలి మెడ రంగు గల తుత్తము. ఈ లవణమును తమిళులు మయిల్ తుత్తమనియు, కన్నడిగులు మైలుతుత్త అనియు అందురు. ఇనుమునుండి పుట్టిన పచ్చని సల్ఫేటును అన్నభేది అని మనమనగా, వారును ఇంచుమించు అట్లే అందురు. హోసూరు సంతలో ఈ పేర్లతో ఏ అంగడికి పోయినను సరుకు దొరకును. 2006 నాటి చట్టము వచ్చిన పిదప తమిళము మొదటి తరగతినుండి క్రమముగా అందరికిని పాఠ్యాంశమైనది. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను. కన్నడమును వినుచునే పెరుగుచున్నారు. ఆంగ్లమును నేర్వక తప్పదు. ఇవి యేవియు తెలుగును విడువవలెనని చెప్పవు.

ఈ సందర్భమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారిని తలచుట మాకు సంతోషము. తెలుగునాట పుట్టిన ఆయన మరాఠీ వాడుకలోనున్న నాగపురమున చదివి, ఆ భాషలోను వ్యాసములు వ్రాయునంతటి పాండిత్యము సంపాదించిరి. అట్టి వారే 1906లో విజ్ఞానచంద్రికా మండలికి పూనుకొని చరిత్రమును, ప్రకృతి శాస్త్రములను తెలుగు పుస్తకములుగా వెలువరించిరి. పరభాషా ప్రాంతమున చదువు ఆయన తెలుగును తగ్గింపలేదు. తెలుగుపై ప్రేమ ఆయన మరాఠీని తగ్గింపలేదు.

మరల మన బీకరు వద్దకు వత్తము. మా విద్యార్థులు వాడిన కొలతలకు లెక్క ప్రకారము పండ్రెండున్నర గ్రాముల మైలుతుత్తము రావలెను. ఒక జట్టువారు తూచగా 9 గ్రాములే వచ్చినది. తక్కినది ఏమైనదని వారు దిగులుపడిరి. ఏమియు పోలేదు. స్ఫటికములను తీసిన పిదప మిగిలిన నీలి ద్రవములో అది కరగి యున్నది. ఆ ద్రవమును మాతృద్రవము అందురు. దానిని పారబోయక, దారమున కట్టిన చిన్న స్ఫటికమును అందులో వ్రేలాడదీసి వారము దినములు ఓపికపట్టినచో, ఆ స్ఫటికము దినదినము పెద్దదగును. కడపటి బొట్టువరకు కాలువలో పోయరాదు. రాగి లవణములు చేపలకు హానికరములు. ఉపాధ్యాయుడు చెప్పిన పాత్రలోనే పోయవలెను. చేతులు కడుగవలెను, నోటికి తగులనీయరాదు.

తల్లిదండ్రులకు మా మనవి. తెలుగు తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుచున్నదని మీకును తెలియును. పై చదువు ఏ భాషలో చదివింపవలెనో నిర్ణయించు హక్కు మీది. నిర్ణయించుటకు ముందు ఒక్క సాయంకాలము మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈ వారము ఏమి ప్రయోగము చేసితివని అడుగుడు. మీకు తెలిసిన పనినిగూర్చి, అది తొట్టి గాని, కళాయి గాని, పొలపు మందు గాని, వారిని ప్రశ్నింపుడు. వారు మీ మాటలలో మీకు విప్పి చెప్పగలిగినచో, ఆ చదువు బిడ్డ తలలో స్ఫటికము కట్టినదని తెలిసికొనుడు. చెప్పలేకపోయినచో మా వద్దకు రండు. తప్పక మరల చేసి చూపింతుము. ప్రయోగశాల తలుపు శనివారము మధ్యాహ్నము వరకు తెరచియే యుండును.